ఇరవై ఎనిమిదో రోజు

మిర్యాలగూడ మిల్లు నుంచి
ఊక బూడిద రెండు సంచులు
ఆర్టీసీ బస్సులో వేసుకొచ్చిన.
లగేజీ టికెట్ కొడుతూ కండక్టర్ అడిగిండు:
"ఏం మేడం, గిన్నెలు తోముతందుకా?"
కాదన్న. పీహెచ్‌డీకి అన్న.
ఆయన ఇంకేం అడగలేదు.
కల్వకుర్తిలో బస్సు మారేటప్పుడు
ఒక సంచి మూతి విడి
నా చున్నీ అంతా బూడిదైంది.

సిమెంటులో నూటికి పది పాళ్లు తీసి
ఆ జాగాల ఈ బూడిద కలపాలె.
ఇంత చిన్న మాటకు నాలుగేండ్లు,
మూడు ఫెలోషిప్ దరఖాస్తులు,
పాలమూరులో రాయచూరు రోడ్డు పక్కన
రేకుల కప్పు కింద ఒక పాత మిషను.

మా ల్యాబుల కుర్మయ్య ఉంటడు.
అటెండరు. రిజిస్టరులో అంతే రాసి ఉంది.
అచ్చులకు నూనె రాసేది ఆయనే,
మూడు పొరలు, పొరకు ముప్పై అయిదు పోట్లు
కడ్డీతో పొడిచేది ఆయనే.
నేను స్లంప్ కొలిచేలోపు
పిడికెడు ముద్ద తీసుకొని
వేళ్ల సందుల నుంచి జారనిచ్చి
"నీళ్లు జెరంత ఎక్కువైనయ్ మేడం" అంటడు.
నా స్కేలు కూడా అదే అంటది,
కొంచెం ఆలస్యంగా.

ఎట్ల తెలుస్తదంటే
"నన్ను కడుపుల పెట్టుకొని
మా అమ్మ కాంక్రీటు మోసింది" అంటడు,
పొద్దున తిన్న ఉప్మా సంగతి చెప్పినట్టు.
గుంపు మేస్త్రీ లారీల ఎక్కించుకుపోయిన చోటికి
పేరేందో బాలకిష్టమ్మకు తెల్వదు.
డ్యామంట. ఎండాకాలం అంట.
తట్టకో గీత, రేకు మీద బొగ్గుతో.
పొద్దుగూకి మేస్త్రీ చదివేసరికి
గీతలు ఎప్పుడూ తక్కువే పడేవట.

అచ్చులు విప్పి, దిమ్మెల మీద
ఎర్ర రంగుతో తారీకు రాసి
తొట్టిలో దించుతం.
ఆ తర్వాత పరిశోధనంటే ఎదురుచూపే.
కాంక్రీటు ఎండితే గట్టిపడుతదని
బయట అందరూ అనుకుంటరు.
తాగితే గట్టిపడుతది.
ఈ ముక్క క్లాసులో చెప్పిన రోజు
వెనక బెంచీల అచ్చంపేట పిల్ల
పెన్ను మూత కొరుకుడు ఆపి తలెత్తింది.

దసరా సెలవులైపోయినంక
ఇరవై ఎనిమిదో రోజు
దిమ్మెలు మిషను కింద పెట్టినం.
అడుగు వరుస మూడూ
ముప్పై ఆరు దాక ఓర్చుకొని పగిలినయ్.
పై వరుస మూడూ
ఇరవై తొమ్మిదికే చేతులెత్తేసినయ్.
గ్రాఫు మీద గీత కుంటింది.

"పై వరుస తీసెయ్ అమ్మా," అన్నరు మా గైడు
కళ్లజోడు తుడుచుకుంటూ. చెడ్డాయన కాదు.
"నున్నగున్న గీతనే నమ్ముతరు అవతలోళ్లు."

సాయంత్రం పగిలిన ముక్కలు
తోపుడు బండిలకు ఎత్తుతూ
ఇటు తిరగకుండనే చెప్పిండు కుర్మయ్య:
సద్దుల బతుకమ్మ నాడు బోరు మోటరు కాలింది.
తొట్టికి నడుమ సన్నని చీలిక.
పై వరుస తేలేదాక దిగినయ్ నీళ్లు.
రెండు రోజులు ఆయనా చూడలే.
మూడో నాడొచ్చి
హాస్టలు ట్యాంకు కాడి నుంచి మోసి నింపిండు.
"పదిహేడు బిందెలు."
లెక్క ఎట్ల యాదుందన్న.
గోడ దిక్కు చెయ్యి చూపిండు.
సున్నం మీద బొగ్గుతో గీతలు.
నేను రెండుసార్లు లెక్కపెట్టిన.
పదిహేడే.

ఆ రాత్రి పట్టికలో ఆరు అంకెలూ వేసిన.
మోటరు సంగతి కింద రాసిన.
గైడు దానిమీద పెన్సిల్‌తో అడ్డగీత కొట్టి
ఇది థీసిస్, డైరీ కాదన్నరు.
మళ్ల ఏమనిపించిందో
రబ్బరు తీసుకొని ఆ గీత తుడిచి
కిటికీల నుంచి బయటికి చూసుకుంట కూసున్నరు.
బయట కొత్త బ్లాకు పిల్లర్లు లేస్తున్నయ్,
చుట్టిన గోనెపట్టాలు ఎండి
గాలికి చప్పుడు చేస్తున్నయ్.
ట్యాంకరు వారానికి రెండుసార్లే వస్తది.
"ఇరవై ఎనిమిది రోజులు
ఇక్కడ ఎవడు తడుపుతడమ్మా?" అన్నరు,
నన్ను అడిగినట్టు కాదు.

సోమవారం పొద్దున నేను పోయేసరికి
అచ్చులకు నూనె రాస్తున్నడు కుర్మయ్య.
చెప్పిన: ఈసారి కావాలనే కొన్నిటికి
నీళ్లు ఆపుదం. ఒకరోజు, మూడు, ఏడు.
బూడిద కలిపినవి, కలపనివి.
ఆయన గుడ్డ పక్కన పెట్టిండు.
చానాసేపు అచ్చులనే చూసిండు.

"ఎన్నిటిని దూపకు పెడదం మేడం?"